దిద్దిన ఉపన్యాసం వెనక్కి పంపుతూ: మారిషస్ వెళ్లే తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

మారిషస్ ప్రయాణానికి సిద్ధమవుతున్న తెలుగు సంఘాల పెద్దలకు,

నమస్కారం.

వచ్చే ఉగాదికి మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో మీ అధ్యక్షులవారు చదవబోయే ఉపన్యాసం మొన్న నాకు పంపారు. నాలుగు పేజీలు. "మాస్టారూ, తెలుగు తప్పులు ఒకసారి చూసిపెట్టండి చాలు" అన్నారు. చూశాను. వత్తులు జారిపోయిన చోట పెట్టాను, సంధులు విరిగిన చోట అతికించాను. అరగంట పని. తర్వాత రెండు రోజులు ఆ కాయితాలు బల్ల మీదే ఉండిపోయాయి, పంపబుద్ధి కాలేదు. ఎందుకో మీకు ఫోన్లో చెప్పేసి ఊరుకుందామనుకున్నాను. కానీ ఈ ఉపన్యాసం మీదొక్కటే కాదు. ఇన్నేళ్లలో నేను చదివినవీ యూట్యూబ్‌లో విన్నవీ అన్నీ ఇదే అచ్చులో పోసినవి. అందుకని మీ సంఘం పేరు రాయకుండా అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కాకినాడలో ముప్పయ్యేళ్లు రాజనీతి శాస్త్రం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. కోరంగి మా ఇంటికి బస్సులో అరగంట, ముప్పావు గంట. ఇప్పుడక్కడ మడ అడవి చూడటానికి జనం వస్తారు. ఒకప్పుడది ఓడల రేవు. 1839 నవంబరు ఉప్పెన దాన్ని ఊడ్చేసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. మారిషస్‌లో చెరకు తోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్లను చాలాకాలం 'కోరంగీలు' అనే పిలిచేవారు. కాబట్టి ఆ దీవి మీద మమకారం మీకెంత ఉందో నాకూ అంతే ఉంది. దానికోసమే చదివాను, ఏళ్ల తరబడి పాఠమూ చెప్పాను.

మీ ఉపన్యాసం మొదటి వాక్యం దగ్గరే ఎర్ర సిరా వాడాల్సి వచ్చింది. "హిందూ మహాసముద్రంలో వెలుగుతున్న చిన్న భారతదేశమా, మన రక్తం ఏలుతున్న నేలా, నీకు వందనం." చప్పట్లు పడతాయి, సందేహం లేదు. కానీ ఆ సభలో ముందు వరుసలో కూర్చునే మంత్రి ముత్తాత బీహారు నుంచి రావచ్చు, మన విశాఖ జిల్లా నుంచి రావచ్చు, మొజాంబిక్ నుంచి గొలుసులతోనూ వచ్చి ఉండవచ్చు. మూడో మనిషికి ఆ వాక్యం ఎలా వినబడుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఆలోచించమంటే మర్యాద కోసం అని కాదు. "ఈ నేల ఎవరిది, ఎవరు ఏలాలి" అన్న ప్రశ్న మీదే ఆ దేశం స్వాతంత్ర్యం వచ్చే ముందు చీలిపోయింది. ఈ అరవయ్యేళ్లలో ఆ దేశ రాజకీయమంతా దాని చుట్టూనే తిరిగింది.

1967 ఆగస్టు 7న అక్కడ ఎన్నికలు జరిగాయి. స్వాతంత్ర్యం కావాలన్న కూటమికి నాయకుడు శివసాగర్ రామ్‌గులాం, ఆయన లేబర్ పార్టీ. వద్దన్న పార్టీ పీఎంఎస్‌డీ. దానికి జనాన్ని ఉర్రూతలూపిన నాయకుడు గయెతాన్ దువాల్. రిఫరెండం పెట్టమని దువాల్ పక్షం పట్టుబట్టింది, బ్రిటన్ ఒప్పుకోలేదు, ఎన్నికలనే తీర్పు అనుకోమంది. కూటమి గెలిచింది. కానీ దాదాపు 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న వాళ్లకు పడ్డాయి. మన స్వాతంత్ర్యోద్యమం కళ్లతో చూసేవాళ్లకు ఇది మింగుడుపడదు. వాళ్లంతా తెల్లదొరల భక్తులా? కాదు. ఎక్కువమంది క్రియోళ్లు, అంటే ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల మనవలు: కూలీలు, చిన్న ఉద్యోగులు. బ్రిటిషువాడు పోతే హిందూ మెజారిటీ చేతిలో తమ బతుకు ఏమవుతుందోనని భయపడ్డారు. ఆ భయం సబబా కాదా అన్నది వేరే వాదన. భయం మాత్రం నిజం. "మన రక్తం ఏలుతున్న నేల" అని మీరు అన్నప్పుడు సరిగ్గా ఆ పాత భయాన్నే తట్టి లేపుతారు.

స్వాతంత్ర్యానికి ఆరు వారాల ముందు, 1968 జనవరిలో, పోర్ట్ లూయిస్ వీధుల్లో ముస్లింలూ క్రియోళ్లూ కొట్టుకున్నారు. పాతిక మంది దాకా చచ్చిపోయారు. బ్రిటిషు సైనికులు సింగపూర్ నుంచి దిగాల్సి వచ్చింది. ఇళ్లు మార్చుకుని పేటలకు పేటలు విడిపోయాయి. రాణిగారి తరఫున రావలసిన యువరాణి అలెగ్జాండ్రా ప్రయాణం మానుకుంది. మార్చి 12న, గాంధీగారు దండికి నడక మొదలుపెట్టిన తేదీనే ముహూర్తంగా, షాన్ ద మార్స్ మైదానంలో జెండా ఎగిరింది. ఆ జెండా వద్దని ఓటేసినవాళ్లు కూడా ఓటర్లలో సగానికి కాస్త తక్కువ మంది. అక్కణ్ణుంచి మొదలైన దేశం అది. పాత తూర్పు గోదావరి జిల్లాలో ఐదో వంతు విస్తీర్ణం, బతుకంతా చెరకు మీద. ఏడేళ్ల ముందు జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త వచ్చి జనాభా ఇలా పెరిగితే కష్టమని పెదవి విరిచి వెళ్లాడు. అలాంటి చోట ఇవాళ్టి దాకా సైన్యం బారకాసు దాటి రాలేదు (అసలు సైన్యమే పెట్టుకోలేదనుకోండి), ఓడిన ప్రధాని ఇంటికెళ్లాడు, గెలిచినవాడు కుర్చీ ఎక్కాడు. చుట్టుపక్కల సీషెల్స్‌లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికే, 1977లో, ప్రభుత్వాన్ని కుట్రతో కూలదోశారు. కొమొరోస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరు పొగడదలచుకుంటే పొగడండి, తప్పులేదు. పొగడాల్సింది రక్తాన్ని కాదు, ఇదిగో దీన్ని.

ఇక మీ ఉపన్యాసంలో రెండో పేజీ. "మారిషస్‌లోని తెలుగువారందరూ ఒక్కతాటి మీదికి వచ్చి రాజకీయంగా తమ బలాన్ని చాటాలి." ఇది రాసినవారెవరో నాకు తెలియదు గానీ, ఆ దేశ రాజ్యాంగం మొదటి షెడ్యూలు తిరగెయ్యలేదని మాత్రం తెలుస్తోంది. ఓపిక చేసుకుని వినండి, ఇది కాస్త పాఠంలాగే ఉంటుంది.

ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోచోట ముగ్గురు సభ్యులు. ఓటరు మూడు ఓట్లూ వేసి తీరాలి. రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు. మొత్తం 62. వీళ్లు కాక ఇంకో ఎనిమిది సీట్ల దాకా ఓడినవాళ్లకే ఇస్తారు. దానికి 'బెస్ట్ లూజర్' అని పేరు. ఎవరికివ్వాలి? రాజ్యాంగం జనాన్ని నాలుగు గళ్లలో కూర్చోబెట్టింది: హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, నాలుగోది 'జనరల్ పాపులేషన్'. ఈ నాలుగో గడి నిర్వచనం చదివినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, కడుపులో దేవినట్టూ ఉంటుంది. జీవన విధానాన్ని బట్టి పై మూడింటిలో దేనికీ చెందినట్టు కనబడనివాళ్లందరూ ఆ గడిలోవాళ్లే. అంటే చెరకు తోటల యజమాని అయిన ఫ్రెంచి దొర మనవడూ, ఆ తోటలోనే కొరడా దెబ్బలు తిన్న బానిస మనవడూ లెక్కలో ఒకే సముదాయం. ఎన్నికల్లో నిలబడేవాడు నామినేషన్ మీద తన గడి రాయాలి. ఓట్లు లెక్కపెట్టాక, ఏ గడికి సీట్లు తక్కువ పడ్డాయో చూసి, ఆ గడిలో బాగా ఓట్లు తెచ్చుకుని ఓడినవాణ్ణి పిలిచి కూర్చోబెడతారు.

పెట్టినప్పుడు ఇది దుర్మార్గపు ఆలోచన కాదు. ఒకరంటే ఒకరికి భయమున్న సముదాయాలకు అది ఒక భరోసా. మైనారిటీ ఏదీ పూర్తిగా బయట ఉండిపోదన్న హామీ. నేను క్లాసులో దాన్ని సమర్థించే చెప్పేవాణ్ణి, కొన్నాళ్లు. కానీ లెక్క దేని మీద కడతారో తెలుసా? 1972 జనాభా లెక్కల మీద. 1982లో వచ్చిన ప్రభుత్వం మనుషులను సముదాయాలుగా లెక్కించడం మానేసింది, మంచిదే. కానీ బెస్ట్ లూజర్ పద్ధతి మాత్రం పోలేదు. దాంతో ఆ పాత అంకెలే మిగిలాయి. యాభై ఏళ్ల కింద ఉన్నవాళ్ల మధ్య నిష్పత్తితో ఇవాళ పుట్టినవాడికి ప్రాతినిధ్యం. మా గడి మేం రాయం, మేం మారిషియన్లం అన్న అభ్యర్థుల నామినేషన్లు కొట్టేశారు. వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి చివరికి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2012లో కమిటీ వాళ్ల పక్షాన మాట్లాడింది. 1972 తర్వాత కొత్త అంకెలు లేకుండా గడి రాసి తీరాలనడం హక్కుల ఉల్లంఘన అంది. 2014 ఎన్నికలకు మాత్రం గడి రాయకపోయినా ఫర్వాలేదని సవరణ చేశారు. ఆ ఒక్కసారికే. మళ్లీ మామూలే.

ఇందులో తెలుగువాడి గడి ఏది? రాజ్యాంగం ప్రకారం హిందువు. తమాషా ఏమిటంటే, వాళ్ల జనాభా లెక్కల్లో మతం అన్న వరుసలో 'తెలుగు' అని విడిగా ఉంటుంది, తమిళం, మరాఠీ ఉన్నట్టే. మనకు భాష, అక్కడ మతం! సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామ భజన... తాతల నాటి నుంచి వీటి చుట్టూనే తెలుగుతనాన్ని కాపాడుకున్నారు కాబట్టి అలా కుదిరింది. మాట చాలావరకు పోయింది. దేశంలో నూటికి ఎనభై మందికి పైగా ఇళ్లలో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాషే, మనవాళ్లయినా అంతే. ఉగాదికి దేశమంతా సెలవు. ఇన్ని గళ్ల మధ్య తెలుగువాడు ఓటు వేసేటప్పుడు కార్మికుడు, టీచరు, టాక్సీవాలా, క్రియోల్ అమ్మాయిని పెళ్లాడినవాడు. ఇన్నేళ్లుగా గళ్లను చెరపాలని ఆ దేశంలో మంచివాళ్లు కొట్లాడుతుంటే, మీరు విమానం దిగి ఇంకో గడి గీయమంటున్నారు. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి వెళ్లడమంటే ఇదే. పైగా మన పిల్లి మామూలు పిల్లి కాదు. మీ బృందంలో ఎవరు ఏ కులం తరఫున వస్తున్నారో చూసి స్టేజీ మీద కుర్చీలు వేశారని మీవాళ్లే నాతో అన్నారు.

గళ్లు చెరపాలని మొదట గట్టిగా అడిగినవాళ్ల కథ మీ ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిన్నరకే, 1969లో, నిన్నటిదాకా బద్ధశత్రువులైన రామ్‌గులాం, దువాల్ చేతులు కలిపి ప్రభుత్వం చేశారు. దేశం నిలబడాలంటే తప్పలేదని ఒక మాట. ఎన్నికలు 1976 దాకా వాయిదా వేసుకున్నారని ఇంకో మాట. రెండూ నిజమే. అదే ఏడాది కొందరు కుర్రాళ్లు ఎంఎంఎం అనే పార్టీ పెట్టారు. పాల్ బెరాంజే తెల్లజాతి ఇంటి పిల్లాడు, దేవ్ వీరాస్వామి భాషాశాస్త్రం చదివినవాడు, జునీద్ జీరూబుర్‌ఖాన్ ముస్లిం. ఈ మూడు పేర్లు పక్కపక్కన ఉండటమే అప్పట్లో ఒక ప్రకటన. 'జాతుల పోరు కాదు, వర్గాల పోరు' అన్నది వాళ్ల పాట. 1970లో ప్రధానమంత్రి సొంత నియోజకవర్గం ట్రియోలేలో ఉప ఎన్నిక వస్తే దేవ్ వీరాస్వామి గెలిచాడు. రేవు కార్మికులు, బస్సు కార్మికులు వాళ్ల వెంట నడిచారు. 1971లో సమ్మెలు పెరిగాయి. బెరాంజే మీద జరిగిన దాడిలో అజోర్ అదెలాయిద్ అనే కార్మికుడు చనిపోయాడు. డిసెంబరులో ఎమర్జెన్సీ పెట్టారు. నాయకులు జైలుకు, పత్రిక మూతకు. మన ఎమర్జెన్సీకి మూడున్నరేళ్ల ముందే, 'జాతిపిత' అని పిలవబడిన మనిషి చేతుల మీదుగా. మీ ఉపన్యాసంలో రామ్‌గులాం గారికి 'మారిషస్ గాంధీ' అని బిరుదు ఇచ్చారు, అది కొట్టేశాను. ఆయన పెద్ద మనిషే, మెత్తని మనిషే, ఉచిత వైద్యం, చదువు, పింఛను ఆయన పేరుమీదే నిలిచాయి. కానీ గాంధీ ప్రతివాదుల్ని జైల్లో పెట్టలేదు.

ఉచిత చదువు కూడా ఊరికే రాలేదు. 1975 మే 20న హైస్కూలు పిల్లలు యూనిఫారాల్లోనే రాజధాని మీదికి నడిచారు. గ్రాండ్ రివర్ వంతెన దగ్గర పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఆ డిసెంబరు తిరిగేసరికి ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. 1977 నుంచి హైస్కూలు చదువు ఫీజు లేకుండా వచ్చింది. మనకు 18 ఏళ్లకు ఓటు వచ్చింది 1989లో అని గుర్తుంచుకోండి. మీ బృందంలో కాలేజీ పిల్లలు ఎవరైనా ఉంటే ఆ వంతెన చూపించండి. బీచ్ తర్వాతైనా సరే.

1976లో ఎంఎంఎం అందరికంటే పెద్ద పార్టీ అయింది, అధికారం మాత్రం రామ్‌గులాం, దువాల్ పార్టీలు కలిసి చేజిక్కించుకున్నాయి. 1982 జూన్‌లో దెబ్బ పడింది: ఎంఎంఎం కూటమికి 60కి 60. స్వాతంత్ర్యం తెచ్చిన లేబర్ పార్టీకి ప్రధాన దీవిలో ఒక్క సీటు రాలేదు, రామ్‌గులాం తన ఊళ్లోనే ఓడిపోయారు. అనిరుధ్ జగన్నాథ్ ప్రధాని, బెరాంజే ఆర్థికమంత్రి. ఆ గెలుపు ఏడాది కూడా నిలవలేదు. కారణాలు చాలా ఉన్నాయి, ప్రభుత్వ ఖర్చుల కోతలు, పదవుల పోరు. కానీ జనం గుర్తుపెట్టుకున్నది ఒక పాట. 1983 మార్చి 12న టీవీలో జాతీయగీతం క్రియోల్‌లో వినిపించింది. అందరి నోట్లో ఉన్న భాషలో దేశం పాట పాడితే దేశం ఒకటవుతుందని బెరాంజే పక్షం. మా భాషలను తొక్కడానికే ఇది అని హిందూ ఊళ్లలో గుసగుస. ప్రభుత్వం చీలింది, జగన్నాథ్ కొత్త పార్టీ పెట్టుకుని ఆగస్టులో మళ్లీ గెలిచాడు. ఇక్కడ ఇండియా ఊసు కూడా ఉంది: ఆ గొడవలో జగన్నాథ్‌కు అండగా ఇందిరాగాంధీ ప్రభుత్వం నౌకాదళాన్ని పంపేందుకు సిద్ధపడి, ఆఖరికి ఆగిందని పరిశోధకులు రాశారు. "భారత్ మీ వెనకే ఉంది" అనే మీ మూడో పేజీ వాక్యానికి అక్కడ ఇంత వెనక కథ ఉంది. 2024 ఫిబ్రవరిలో మారిషస్‌కే చెందిన అగలేగా దీవిలో మనవాళ్లు కట్టించిన రన్‌వే, జెట్టీ ప్రారంభమైనప్పుడూ అక్కడివాళ్లలో కొందరు అడిగిన ప్రశ్న అదే: వెనక ఉన్నదెవరు, ఎంత దగ్గరగా?

భాష దగ్గర ఇంకో ముక్క చెప్పాలి, ఎందుకంటే ఇది నేరుగా మనది. ప్రాథమిక బడిలో పిల్లలు తెలుగో, హిందీయో, ఉర్దూవో, తమిళమో ఐచ్ఛికంగా చదవచ్చు. అప్పట్లో ఆరో తరగతి పరీక్షలో వచ్చిన ర్యాంకుని బట్టే మంచి హైస్కూల్లో సీటు దొరికేది. మరి ఆ ర్యాంకుకి ఈ ప్రాచ్య భాషల మార్కులు కలపాలా? కలిపితే మన పిల్లలకు లాభం. ఆ భాషలు చదవని క్రియోల్ పిల్లలకు నష్టం. జగన్నాథ్ ప్రభుత్వం కలపడానికి రాజ్యాంగ సవరణ తెచ్చింది, సభలో ఓడింది, సభ రద్దయింది. 1995 డిసెంబరులో ఎన్నికలు పెడితే మళ్లీ 60కి 60, ఈసారి ప్రతిపక్షానికి. నవీన్ రామ్‌గులాం ప్రధాని అయ్యాడు. తెలుగు మార్కుల మీద (మార్కుల మీద మాత్రమే కాదు గాని) ఒక దేశంలో ప్రభుత్వం పడిపోయిన సంగతి మన సాహిత్య సభల్లో ఒక్కసారి కూడా వినలేదు నేను. ఎవరు ఒప్పు? నా మటుకు నాకు ఆ క్రియోల్ పిల్లల తల్లుల వాదనలో బలం కనబడుతుంది. 2012లో గాని వాళ్ల భాషకు బళ్లో చోటు దొరకలేదు. పార్లమెంటులో రాజ్యాంగం ప్రకారం అధికార భాష ఇంగ్లీషు, ఫ్రెంచిలోనూ మాట్లాడవచ్చు. జనం మాట్లాడే భాషకు దశాబ్దాల పాటు ఆ తలుపు తెరవలేదు. తెలుగు కోసం పరితపించే మీకు ఇది ఎవరి బాధో నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

1998లో కొత్త నోట్ల మీద తమిళం కంటే ముందు హిందీ వచ్చిందని తమిళులు రోడ్డెక్కారు. నోట్లు వెనక్కి తీసుకుని వరస మార్చి మళ్లీ అచ్చువేశారు. తెలుగు ఆ నోటు మీద ముందూ లేదు, తర్వాతా లేదు. మనవాళ్లు గొడవ చెయ్యలేదు. అది చేతకానితనమని మీరు అంటారేమో, నాకైతే ముచ్చటేసింది.

1999 ఫిబ్రవరి 21న కాయా అనే గాయకుడు పోలీసు లాకప్‌లో చనిపోయాడు. గంజాయి తాగాడని పట్టుకెళ్లారు. సెగ అనే బానిసల పాటనీ రెగేనీ కలిపి పాడిన క్రియోల్ కుర్రాడు. ఆ రాత్రి నుంచి దీవి తగలబడింది. ఆర్థిక అద్భుతమని ప్రపంచమంతా మెచ్చుకుంటున్న దేశంలో ఆ అద్భుతం ఎవరి గుమ్మం ముందు ఆగిపోయిందో అప్పుడు తెలిసింది. రాష్ట్రపతి కాసమ్ ఉతీమ్ స్వయంగా పేటల్లోకి వెళ్లి జనంతో మాట్లాడారు. గొడవ 1968లా ముదరలేదు. నాలుగేళ్లకు, 2003లో, ముందే కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, మళ్లీ ప్రధాని అయి ఉన్న జగన్నాథ్ కుర్చీ దిగితే బెరాంజే ప్రధాని అయ్యాడు. ఇప్పటిదాకా ఆ పదవిలో కూర్చున్న హిందువు కాని మనిషి ఆయనొక్కడే.

లెక్క చూడండి. 1968 నుంచి ప్రధానులు ఐదుగురే. అందులో నలుగురు రెండిళ్లవాళ్లు: రామ్‌గులాం తండ్రీ కొడుకూ, జగన్నాథ్ తండ్రీ కొడుకూ. 2017 జనవరిలో అనిరుధ్ జగన్నాథ్ రాజీనామా ఇచ్చి కొడుకు ప్రవింద్‌కు పదవి అప్పజెప్పాడు, ఎన్నిక లేకుండానే. ఈ విషయంలో మనం నీతులు చెప్పే స్థితిలో లేము కాబట్టి ముందుకు పోతాను.

మొన్నటి ఎన్నికలు 2024 నవంబరు 10న. ముందు నెలంతా ఫోన్ల ట్యాపింగ్ టేపులు ఒకటొకటే బయటికొచ్చాయి. నవంబరు 1న ప్రభుత్వం సోషల్ మీడియాను ఆపించింది, గగ్గోలు పుట్టేసరికి మర్నాడు వదిలేసింది. ఫలితం ముచ్చటగా మూడోసారి 60కి 60. నవీన్ రామ్‌గులాం మళ్లీ ప్రధాని. ప్రవింద్ జగన్నాథ్ కూటమికి నాలుగో వంతుకు పైగా ఓట్లు వచ్చినా గెలిచిన సీటు ఒక్కటీ లేదు. సభలో ఆ కూటమి గొంతు వినబడిందంటే అది బెస్ట్ లూజర్ పుణ్యమే, ఇద్దరు ఆ దారినే లోపలికి వచ్చారు. ఇక్కడే నా మీద నాకు కోపం వస్తుంది. ఇన్ని పేరాలు ఆ పద్ధతిని తిట్టి, ఇప్పుడు అది లేకపోతే ఆ సభలో వాళ్లకు చోటే ఉండేది కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది. తీసెయ్యాలంటే దాని స్థానంలో వచ్చిన ఓట్లను బట్టి సీట్లిచ్చే పద్ధతి ఏదో ఒకటి రావాలి. ఎన్ని కమిషన్లు వేసినా ఆ ముడి విప్పలేకపోయారు. గళ్లు అక్కర్లేదని చెప్పే ప్రతివాడూ ఓడిపోయినప్పుడు గడి వైపే చూస్తాడు.

మారిషస్ నుంచి బ్రిటన్ విడదీసిన చాగోస్ దీవుల గురించి మీ ఉపన్యాసంలో ఒక వాక్యం ఉంది: "వలసవాదంపై మారిషస్ విజయం." దాన్ని కొట్టలేదు గానీ పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. 1965లో లండన్ చర్చల్లో రామ్‌గులాంకు స్వాతంత్ర్యం వస్తుందన్న ఆశా, రాదేమోనన్న భయమూ రెండూ చూపించి ఆ దీవులను విడదీశారు. పరిహారం 30 లక్షల పౌండ్లు. వాటిలో పెద్దదైన డియెగో గార్సియా అమెరికా సైనిక స్థావరమైంది. 1973 నాటికి అక్కడి మనుషులందరినీ ఓడలెక్కించి పంపేశారు, కుక్కలను చంపేశారు. వాళ్లూ బానిసల సంతతే. పోర్ట్ లూయిస్ మురికివాడల్లో దిగారు, స్వాగతం చెప్పినవాళ్లు తక్కువ. 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం మారిషస్ వాదనే సరైనదంది. 2025 మే 22న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి: సార్వభౌమత్వం మారిషస్‌ది, డియెగో గార్సియా మాత్రం 99 ఏళ్లు బ్రిటన్ చేతిలో. మమ్మల్ని అడిగారా అని చాగోస్ మనుషుల్లో చాలామంది అడుగుతున్నారు. విజయమనే మాట వాళ్ల ముందు అనగలమో లేదో చూసుకుని చదవండి.

ఇక మీరు చేయగలిగినవి. మూడో పేజీ పూర్తిగా తీసేశాను, దాని బదులు అరపేజీ రాసి పిన్ను చేశాను. అందులో ముందు ఒక వాక్యం క్రియోల్‌లో ఉండాలి. నాకు రాదు, అక్కడి తెలుగు టీచర్ల చేత రాయించుకోండి, వాళ్లకు ఆ భాషే ఇంటి భాష. మీ కార్యక్రమంలో మన కూలీలు ఓడ దిగిన రేవు ఆప్రవాసీ ఘాట్ ఉంది, పదహారు మెట్ల దగ్గర దండలు వేస్తామని రాశారు. వెయ్యండి. అక్కణ్ణుంచి నడిచే దూరంలోనే పాత సైనిక ఆసుపత్రిలో బానిసత్వ మ్యూజియం ఉంది, అదీ చేర్చండి. కుదిరితే ఒక పూట లె మోర్న్ కొండకు వెళ్లండి, పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటది. సన్మానాల జాబితాలో ఇంటిపేర్లు వెతుక్కుని, లచ్మీనారాయిడులో లక్ష్మీనారాయుడు కనబడగానే ఎగిరి గంతేసి పెట్టిన పేర్లు ఐదారు ఉన్నాయి. ఒకాయనకైతే తను తెలుగువాణ్ణన్న సంగతి మన శాలువా వల్లే తెలిసేలా ఉంది. వాటిలో రెండు తీసి, ఒకటి ఉగాది పచ్చడి చేసే ఊరి పెద్దమ్మకూ, ఇంకొకటి బళ్లో క్రియోల్ నేర్పే టీచరుకూ ఇవ్వండి. "రాజకీయంగా బలాన్ని చాటాలి" అన్నది ఎక్కడా వినబడకూడదు, స్టేజీ దిగాక విందులో కూడా.

బృందంలో నా పేరు కూడా పెట్టారు, సంతోషం. కానీ మోకాళ్లు బాగాలేవు, విమానంలో అంతసేపు కూర్చోలేను, నా టికెట్టు ఆ కాలేజీ పిల్లల్లో ఒకరికి ఇవ్వండి. దిద్దిన కాయితాలు ఈవేళ కొరియర్‌లో వేశాను, ఎల్లుండికి అందుతాయి. నా దస్తూరీ అర్థం కాకపోతే ఫోన్ చెయ్యండి. సాయంత్రం నాలుగు దాటాక, ముందైతే నిద్రలో ఉంటాను.

ఇట్లు,
కోరంగి దారిలో ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారు
కాకినాడ